చేతి వీహెచ్‌ఎఫ్ సెట్‌లో పవర్ ఎలా మార్చాలి? ఎప్పుడు తగ్గించాలి?

అంతర్వేది, ఓడలరేవు, భైరవపాలెం మొగల నుంచి వేటకెళ్లే బోట్లలో ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి వాడే చేతి వీహెచ్‌ఎఫ్ రేడియో సెట్లకు మామూలుగా రెండు పవర్లుంటాయి. 'హై' (ఎక్కువ) సుమారు 5 వాట్లు, 'లో' (తక్కువ) 1 వాటు. కొన్నిటికి మధ్యలో ఇంకొకటి కూడా ఉంటుంది. ఒకసారి హైలో పెట్టి వదిలేయడం చాలామందికి అలవాటు. రేవులో ఉన్నంతసేపు ఆ అలవాటు ఇతరులకు ప్రమాదం.

ఎందుకంటే ఈ సెట్లు ఎఫ్‌ఎంలో పనిచేస్తాయి. ఒకే చానల్‌లో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే బలమైన గొంతే వినిపిస్తుంది, బలహీనమైనది పూర్తిగా మునిగిపోతుంది. మీరు రేవులో పక్క బోటుతో ఐసు గురించి 5 వాట్లలో మాట్లాడుతుంటే, దూరాన ఇంజన్ ఆగిపోయిన బోటు పిలుపు ఎవరి చెవినా పడదు. కనుచూపు మేరలో ఉన్న బోటుకు 1 వాటు చాలు.

మార్చే పద్ధతి ఇదీ.

1. ముందు యాంటెనా గట్టిగా బిగించండి. అది లేకుండా మాట్లాడే బటన్ నొక్కితే బయటికి పోవాల్సిన పవర్ వెనక్కి తిరిగొచ్చి లోపలి ట్రాన్సిస్టర్ కాలిపోవచ్చు.

2. మాట్లాడుకునే చానల్‌కు మారండి. 16 పిలుపులకూ ఆపదకూ మాత్రమే. అక్కడ పరీక్షలు వద్దు.

3. 'హెచ్/ఎల్' బటన్ నొక్కండి. కొన్ని సెట్లలో ఒకటి రెండు సెకన్లు నొక్కి పట్టుకోవాలి. తెరమీద గుర్తు మారిందో లేదో కళ్లతో చూడండి, చప్పుడును నమ్మకండి. 15, 17 చానళ్లలో హై రాకపోతే కంగారు పడక్కర్లేదు. అంతర్జాతీయ నియమం ప్రకారం అవి 1 వాటుకే పరిమితం.

4. ఎప్పుడూ 'లో' పవర్‌తో మొదలుపెట్టండి. అవతలివాళ్లు 'తెగుతోంది' అంటేనే హైకి మారండి, మాట అయ్యాక మళ్లీ 'లో' పవర్‌కి దించండి.

హైలో పెట్టినా దూరం పెరగడం లేదంటే తప్పు సెట్‌ది కాకపోవచ్చు. పవర్ అయిదింతలైతే దూరం అయిదింతలు కాదు. భూమి వంపు వల్ల ఈ తరంగాల దూరం ఎత్తును బట్టే ఉంటుంది. మీటర్లలో యాంటెనా ఎత్తుకు వర్గమూలం తీసి 4.1తో గుణిస్తే కిలోమీటర్లు వస్తాయి. కూర్చుని 1 మీటరు ఎత్తులో పట్టుకుంటే 4 కి.మీ., క్యాబిన్ మీదకెక్కి 4 మీటర్ల ఎత్తులో పట్టుకుంటే 8 కి.మీ. పైన. దీనికి అవతలి సెట్ ఎత్తుకు ఇలాగే లెక్కవేస్తే వచ్చే దూరం కూడా కలుపుకోవాలి. అందుకే బటన్ నొక్కే ముందు లేచి నిలబడండి. యాంటెనా నిటారుగా ఉండాలి, మైకు నోటికి మూడు నాలుగు వేళ్ల దూరంలో ఉండాలి. నడుముకు తగిలించుకుని మాట్లాడితే చాలా పవర్ ఒంటికే పోతుంది. కోరంగి మడ అడవుల్లోని పాయల్లో, కొబ్బరి తోటల వెనక కూడా అంతే, తడి ఆకులు తరంగాన్ని మింగేస్తాయి. నాలుగడుగులు తెరిపిలోకి రావడం 5 వాట్ల కంటే ఎక్కువ మేలు చేస్తుంది.

బ్యాటరీ సంగతి కూడా ఉంది. హైలో మాట్లాడేటప్పుడు సెట్ దాదాపు ఒకటిన్నర ఆంపియర్లు లాగుతుంది, 'లో' పవర్‌లో దాదాపు సగం. పెట్టె మీద రాసే గంటలు సాధారణంగా నూటికి 5 వంతులు మాట్లాడటం, 5 వినడం, 90 ఊరికే ఉంచడం అన్న లెక్క మీద వేసినవి. ఛార్జింగు అడుగంటినప్పుడు హైలో బటన్ నొక్కగానే సెట్ ఆరిపోతే, 'లో' పవర్‌కి మార్చి చూడండి, ఇంకాసేపు పనిచేయవచ్చు. బ్యాటరీ నిండుగా ఉన్నా ఆరిపోతోందంటే కాంటాక్టుల (బ్యాటరీ సెట్‌కు తగిలే రేకుల) మీద ఉప్పు పేరుకుని ఉండొచ్చు. సెట్ ఆపి, బ్యాటరీ తీసి, ఆ రేకుల మీది తెల్లటి పొడిని మంచినీళ్లలో తడిపి పిండిన గుడ్డతో తుడవండి. పూర్తిగా ఆరాకే బిగించండి. యాంటెనా మొదలు కూడా ఇలాగే చూడాలి.

ప్రాణాపాయంలో లెక్కలేవీ వద్దు. చానల్ 16, పవర్ హై, బోటులో అందినంత ఎత్తున నిలబడి 'మేడే' అనే ఆపద పిలుపు మూడుసార్లు, బోటు పేరు, జీపీఎస్‌లో ఉన్న చోటు, ఎంతమంది ఉన్నారో, ఏమైందో చెప్పండి. బటన్ వదిలి వినండి, జవాబు రాకపోతే మళ్లీ పిలవండి. ఫోను సిగ్నల్ అందే దూరంలో ఉంటే కోస్ట్ గార్డ్ 1554కు కూడా చేయండి.