పాత పార్టులతో బిగించిన కంప్యూటర్ ఆన్ కావట్లేదా? ముందు ఎస్ఎంపీఎస్ చూడండి

తిరుపతిలో ఇంజినీరింగ్ చదివే పిల్లలు చాలామంది పాత పార్టులు పోగేసి కంప్యూటర్‌ను తామే బిగించుకుంటున్నారు. ఏదో ఆఫీసు పక్కన పెట్టేసిన మదర్‌బోర్డు, సీనియర్ అమ్మేసిన ప్రాసెసర్, చెన్నై రిచ్చి స్ట్రీట్‌లో బేరమాడి తెచ్చిన గ్రాఫిక్స్ కార్డు, ఇంట్లో అటక మీద పడున్న క్యాబినెట్. అన్నీ బిగించి బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ ఉండదు. వెంటనే బోర్డు పోయిందని టెన్షన్ పడిపోతారు. నేనైతే ముందు ఎస్ఎంపీఎస్‌నే, అంటే గోడ కరెంటును పార్టులకు కావాల్సిన తక్కువ వోల్టులకు మార్చి ఇచ్చే పవర్ సప్లై డబ్బానే అనుమానిస్తాను. ర్యామ్ పాడైతే ర్యామ్‌తోనే పోతుంది. ఎస్ఎంపీఎస్ పాడైతే బోర్డునీ హార్డ్ డిస్క్‌నీ కూడా వెంట తీసుకుపోగలదు. అందుకే ఎక్కడిదో తెలియని ఎస్ఎంపీఎస్‌ను పరీక్షించకుండా మంచి బోర్డుకి తగిలించొద్దు.

ప్లగ్ పెట్టకముందు

చేత్తో పట్టుకుని మెల్లగా ఊపండి. లోపల ఏదైనా గలగలమంటే ప్లగ్ పెట్టొద్దు. ఫోన్ టార్చ్ వేసి జాలీలోంచి చూడండి. కెపాసిటర్ల (కరెంటును నిలవ ఉంచే చిన్న గొట్టాల్లాంటి పార్టులు) నెత్తి చదునుగా ఉండాలి. ఉబ్బినా, పైన గోధుమరంగు మరక కనిపించినా ఆ ఎస్ఎంపీఎస్ పని అయిపోయినట్టే. అటక మీద ఏళ్లు ఉన్నవాటిలో బల్లులు, బొద్దింకలు ఎండిపోయి ఉండటం మామూలే. అవి సర్క్యూట్ మీద అడ్డంగా పడి ఉంటే షార్ట్ అవుతుంది. అలాగని మూత విప్పి శుభ్రం చేయబోకండి. ప్లగ్ తీసేసిన తర్వాత కూడా లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు. విప్పడం తెలిసినవాళ్ల పని.

వెనకవైపు 115, 230 అని రాసిన ఎర్ర స్విచ్ ఉందేమో చూడండి. అమెరికాలో ఉన్న బంధువులు వాడి ఇచ్చేసిన మెషిన్లలో అది 115 మీద ఉంటుంది. అలాగే మన 230 వోల్టుల లైనుకు పెడితే పెద్ద చప్పుడుతో లోపల పేలుతుంది. స్విచ్‌ను 230కి మార్చాకే ప్లగ్ పెట్టాలి. స్విచ్ అసలే లేకపోతే లేబుల్ మీద 100 నుంచి 240 వోల్టులు అని ఉందో లేదో చదవండి.

ఇంకా నమ్మకం కుదరకపోతే టీవీలు బాగుచేసే షాపుకి తీసుకెళ్లి సిరీస్ బోర్డు మీద పెట్టించండి. 100 వాట్ల గుండు బల్బు ద్వారా కరెంటు ఇస్తారు. బల్బు ఒక్కసారి మెరిసి ఆరిపోతే ఇన్‌పుట్ వైపు షార్ట్ లేనట్టు. నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్ట్ ఉంది. దీనికి ఎల్ఈడీ బల్బు పనికిరాదు.

లైటు లేదు, ఫ్యాను కదలదు

ప్లగ్ పాయింట్‌లో ఫోన్ ఛార్జర్ పెట్టి కరెంటు ఉందో చూడండి. పవర్ కేబుల్ మార్చండి. ఎస్ఎంపీఎస్ వెనక స్విచ్ గీత వైపు ఉందా, సున్నా వైపు ఉందా చూడండి. ఆ స్విచ్ సున్నా మీద ఉండగానే ‘బోర్డు డెడ్’ అని తెచ్చేవాళ్లు ఉంటారు.

ఇవి సరిగా ఉంటే మల్టీమీటర్‌ను డీసీ 20 వోల్టుల రేంజ్‌లో పెట్టండి. నల్ల ప్రోబ్‌ను ఏదైనా నల్ల వైరు వెనకనుంచి దూర్చి, ఎర్ర ప్రోబ్‌ను బోర్డుకి దిగే పెద్ద 24 పిన్ల కనెక్టర్‌లోని ఊదారంగు వైరుకి ఆనించండి. ప్లగ్ పెట్టి ఉన్నంతసేపూ, కంప్యూటర్ ఆఫ్‌లో ఉన్నా సరే, అక్కడ 5 వోల్టులు ఉండాలి. బటన్ నొక్కినట్టు బోర్డుకి తెలిసేది ఈ స్టాండ్‌బై కరెంటు వల్లే. అది లేకపోతే ప్లగ్ తీసి, కనెక్టర్లను బోర్డు నుంచి ఊడదీసి, మళ్లీ ప్లగ్ పెట్టి కొలవండి. అప్పుడూ రాకపోతే ఎస్ఎంపీఎస్ పోయింది, ఇక వెతకక్కర్లేదు.

5 వోల్టులు ఉన్నాయంటే అనుమానం క్యాబినెట్ బటన్ మీదకు మళ్లుతుంది. పాత క్యాబినెట్లలో బటన్ తుప్పు పట్టి ఉంటుంది. బోర్డు మీద పవర్ స్విచ్ అని గుర్తున్న రెండు పిన్నుల నుంచి బటన్ వైరు పీకేసి, ఆ రెంటినీ స్క్రూడ్రైవర్ కొనతో ఒక్క క్షణం కలపండి. మెషిన్ లేచిందంటే తప్పు బటన్‌దే. రీసెట్ బటన్ వైరును ఆ పిన్నులకు పెట్టేసుకుంటే ఖర్చు లేకుండా పని జరిగిపోతుంది.

లేవకపోతే ఎస్ఎంపీఎస్‌ను విడిగా నడిపి చూడాలి. ప్లగ్ తీసేయండి. బోర్డు నుంచి, డ్రైవ్‌ల నుంచి అన్ని కనెక్టర్లూ ఊడదీయండి. 24 పిన్ల కనెక్టర్‌లో ఆకుపచ్చ వైరు ఒక్కటే ఉంటుంది. దానికీ పక్కనున్న నల్ల వైరుకీ మధ్య వంచిన పేపర్ క్లిప్ పెట్టండి. లోడ్ కోసం ఒక క్యాబినెట్ ఫ్యాను తగిలించి, అప్పుడు ప్లగ్ పెట్టండి. కొన్ని మంచి ఎస్ఎంపీఎస్‌లలో లోడ్ తక్కువగా ఉంటే సొంత ఫ్యాను తిరగదు కాబట్టి ఫ్యాను చూసి తీర్పు చెప్పొద్దు, మీటరుతో కొలవండి. పసుపు వైరులో 11.4 నుంచి 12.6, ఎరుపులో 4.75 నుంచి 5.25, నారింజలో 3.14 నుంచి 3.47 వోల్టులు ఉండాలి. బూడిదరంగు వైరు కూడా చూడండి. మిగతా వోల్టేజీలు నిలకడగా ఉన్నాయని బోర్డుకి చెప్పే వైరు అది. దానిలో 5 వోల్టులు రాకపోతే ఫ్యాన్లు తిరిగినా బోర్డు పని మొదలుపెట్టదు. వైర్లన్నీ నలుపురంగులో ఉంటే పిన్నుల బొమ్మ దగ్గర పెట్టుకుని చేయండి, ఊహించి క్లిప్ పెట్టొద్దు.

ఒక్క చుట్టు తిరిగి ఆగిపోతుంది

ఎక్కడో షార్ట్ ఉంది, ఎస్ఎంపీఎస్ తనను తాను కాపాడుకుంటోంది. ఇది ఒక రకంగా మంచి కబురే. బోర్డును క్యాబినెట్‌లోంచి బయటికి తీసి అట్టపెట్టె మీద పెట్టండి. ప్రాసెసర్, దాని ఫ్యాను, ఒక్క ర్యామ్ మాత్రమే ఉంచి నడపండి. నడిచిందంటే క్యాబినెట్‌లోనే తప్పుంది. బోర్డు కింద బిగించే ఇత్తడి స్టాండాఫ్‌లలో ఒకటి, బోర్డుకి రంధ్రం లేనిచోట మిగిలిపోయి వెనక టంకాలకు తగులుతుంటుంది. వేర్వేరు సైజుల బోర్డులు మార్చిన పాత క్యాబినెట్లలో ఇది తరచూ ఉంటుంది. ఆ ఒక్కదాన్ని విప్పేస్తే చాలు.

బయట కూడా ఆగిపోతుంటే ప్రాసెసర్ పక్కనున్న కనెక్టర్ చూడండి. ఎనిమిది పిన్ల ప్లగ్గులు రెండు రకాలు. పసుపు నాలుగు, నలుపు నాలుగు ఉన్నది ప్రాసెసర్‌ది. పసుపు మూడు, నలుపు ఐదు ఉన్నది గ్రాఫిక్స్ కార్డుది. ఒకదాని చోట ఇంకొకటి తేలిగ్గా దిగదు, కానీ గట్టిగా నొక్కితే దిగిపోతుంది. ప్లస్, మైనస్ తారుమారై షార్ట్ అవుతుంది. బలం పెట్టాల్సి వస్తోందంటే అది ఆ ప్లగ్ కాదు.

ఫ్యాన్లు తిరుగుతాయి, తెర మాత్రం నలుపు

ప్రాసెసర్ పక్కన నాలుగు లేదా ఎనిమిది పిన్ల కనెక్టర్ పెట్టారా? 24 పిన్లది పెట్టేసి ఇది మరిచిపోవడం చాలా సహజం. గ్రాఫిక్స్ కార్డుకి ఆరు పిన్ల సాకెట్ ఉంటే అదీ నిండాలి. రెండూ సరిగా ఉండి, వోల్టేజీలూ సరిగా ఉంటే ఎస్ఎంపీఎస్‌ను వదిలేయండి. ర్యామ్ తీసి కొనలు తుడిచి మళ్లీ పెట్టండి, బోర్డు మీద నాణెంలా ఉండే సీమాస్ బ్యాటరీ మార్చండి.

గేమ్ మొదలుపెట్టగానే ఆఫ్

దీన్ని ఎక్కువ వివరంగా చెప్పాలి. డబ్బు ఎక్కువ పోయేది ఇక్కడే.

ఎస్ఎంపీఎస్ మీద పెద్ద అక్షరాలతో 450 వాట్లు అని ఉంటుంది. ఆ అంకె పక్కన పెట్టి పక్కన అతికించిన పట్టిక చదవండి. 12 వోల్టుల కింద 16 ఆంపియర్లు అని ఉంటే, 12ని 16తో గుణిస్తే 192 వాట్లు. ప్రాసెసరూ గ్రాఫిక్స్ కార్డూ బతికేది దాదాపు మొత్తం ఈ 12 వోల్టుల మీదే. ఇప్పుడు మీ లెక్క వేయండి. ఐ5-3470 ప్రాసెసర్‌కి 77 వాట్లు, సెకండ్ హ్యాండ్‌లో బాగా తిరిగే ఆర్ఎక్స్ 580 కార్డుకి 185 వాట్లు. రెండూ కలిపితే 262. ఫ్యాన్లు, డ్రైవ్‌లు, బోర్డు ఇంకా కలపలేదు. డెస్క్‌టాప్ తెర వచ్చి, సినిమా కూడా ఆడి, గేమ్ పెట్టిన నిమిషానికి చప్పున ఆరిపోతుందంటే ఆశ్చర్యం ఏముంది?

నిర్ధారణకు గేమ్ పెట్టే ముందు, పెట్టాక, డ్రైవ్‌లకు వచ్చే పెద్ద నాలుగు పిన్ల కనెక్టర్‌లో పసుపు, నలుపు మధ్య కొలవండి. 12.1 ఉన్నది గేమ్ రాగానే 11.4 కిందికి జారితే ఎస్ఎంపీఎస్ చేతులెత్తేస్తోంది. జారకుండా పది పదిహేను నిమిషాలకు ఆగిపోతుంటే వేడి చూడండి. మే నెలలో బయట 40 డిగ్రీలు దాటే ఊరు మనది. ఎస్ఎంపీఎస్ ఫ్యాను దుమ్ముతో బిగిసిపోయి ఉంటే, చల్లటి గదిలో గంటలు నడిచేది కూడా ఇక్కడ నిలబడదు.

పరిష్కారం రెండు దారులు. ఎస్ఎంపీఎస్ మార్చడం కుదరకపోతే కార్డు తగ్గించుకోండి. 60 వాట్ల జీటీఎక్స్ 750 టీఐ, 75 వాట్ల 1050 టీఐ లాంటివి చాలావరకు బోర్డు మీద కార్డు దిగే స్లాట్ నుంచే కరెంటు తీసుకుంటాయి. పెద్ద కార్డే కావాలంటే, మిగతావన్నీ సెకండ్ హ్యాండ్ అయినా ఎస్ఎంపీఎస్ ఒక్కటి కొత్తది, 12 వోల్టుల ఆంపియర్లు చూసి, వారంటీతో కొనండి. మా దగ్గరికి వచ్చే పిల్లలకు నేను గట్టిగా చెప్పేది ఇదే. డ్రైవ్‌ల కనెక్టర్‌ను గ్రాఫిక్స్ కార్డుకి మార్చే చౌక అడాప్టర్లతో ఆ లోటు పూడ్చబోకండి. సన్న వైరు వేడెక్కి కరిగిపోతుంది.

కరెంటు పోయినప్పుడల్లా రీస్టార్ట్, యూపీఎస్ ఉన్నా సరే

యూపీఎస్ బ్యాటరీకి మారడానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. మంచి ఎస్ఎంపీఎస్ నిండు లోడ్‌లోనూ సుమారు 16 మిల్లీసెకన్లు తన కెపాసిటర్ మీద నడవగలదు. కెపాసిటర్ ముసలిదైతే ఆ వ్యవధి తగ్గిపోతుంది. గేమ్ ఆపి, తెర ఖాళీగా ఉన్నప్పుడు గోడకున్న యూపీఎస్ ప్లగ్ పీకి చూడండి. అప్పుడు నిలబడి లోడ్‌లో పడిపోతుంటే ఎస్ఎంపీఎస్ బలహీనపడి ఉండొచ్చు, లేదా లోడ్ యూపీఎస్‌ను మించి ఉండొచ్చు. 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది సాధారణంగా 360 వాట్లే, అందులో మానిటర్ కూడా ఉంది. ఖాళీగా ఉన్నా పడిపోతుంటే ముందు యూపీఎస్ బ్యాటరీ మార్చండి. ఇంటి ఇన్వర్టర్ మీద నడుపుతుంటే దాని మీద యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూసి అందులో పెట్టండి.

క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటుంది

పార్టుల తప్పు కాకపోవచ్చు, ఇంట్లో ఎర్తింగ్ లేకపోవడమే ఎక్కువసార్లు కారణం. ఎస్ఎంపీఎస్ లోపల ఫిల్టర్ కెపాసిటర్లు ఫేజ్ నుంచీ న్యూట్రల్ నుంచీ బాడీకి కలిసి ఉంటాయి. ఎర్త్ లేకపోతే బాడీ మీద దాదాపు సగం వోల్టేజీ, అంటే 115 వోల్టుల దాకా నిలుస్తుంది. కరెంటు చాలా స్వల్పమే, అయినా హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టేటప్పుడు పోర్టులు దెబ్బతినొచ్చు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఫేజ్, ఎర్త్ మధ్య కొలిపించండి. ఫేజ్, న్యూట్రల్ మధ్య ఎంత వస్తుందో ఇంచుమించు అంతే రావాలి. మన ఎర్రమట్టి నేలల్లో ఎండాకాలం ఎర్త్ గుంత ఎండిపోయి పనిచేయడం మానేస్తుంది. దానిలో నీళ్లు పోయిస్తుండాలి. పాత ఇళ్లలో మూడో రంధ్రానికి వైరే ఉండదు, అక్కడ కొత్తగా లాగించాల్సిందే. షాక్ జివ్వుమనడం కాకుండా గట్టిగా కొడితే వెంటనే ప్లగ్ తీసేయండి, అది లోపలి లీకేజీ.

వేరే ఎస్ఎంపీఎస్ కేబుళ్లు, బ్రాండెడ్ మెషిన్లు

ఊడదీసే కేబుళ్లున్న ఎస్ఎంపీఎస్‌కి ఇంకో కంపెనీ కేబుల్ వాడొద్దు. ఎస్ఎంపీఎస్ వైపు పిన్నుల వరసకు అందరికీ ఒకే పద్ధతి లేదు. ప్లగ్ చక్కగా దిగుతుంది, 5 వోల్టుల చోట 12 వెళ్లి హార్డ్ డిస్క్ క్షణంలో కాలిపోతుంది. కేబుల్ లేకుండా ఎస్ఎంపీఎస్ ఒక్కటే అమ్ముతుంటే కొనకండి.

డెల్, హెచ్‌పీ, లెనోవో ఆఫీసు మెషిన్ల బోర్డుల్లో చాలావాటికి 24 పిన్ల సాకెట్ ఉండదు, ఆరో, ఎనిమిదో, పద్నాలుగో పిన్లుంటాయి. మామూలు ఎస్ఎంపీఎస్ పెట్టాలంటే ఆ మోడల్‌కే చేసిన అడాప్టర్ కావాలి. బోర్డు మీద మోడల్ నంబరు ఫోటో తీసుకుని షాపుకి వెళ్లండి, చూడటానికి అలాగే ఉందని ఇంకో మోడల్‌ది తెచ్చుకోవద్దు.