కడుపు మీద చెయ్యి పెట్టడం – 3వ భాగం: కుడివైపు కింద నొప్పి

పోయిన భాగంలో చూడటం, వినటం అయ్యాయి కదా, ఇప్పుడు చెయ్యి పెడదాం. అపెండిసైటిస్, అంటే పెద్దపేగు మొదట్లో వేలాడే చిన్న తోకలాంటి అపెండిక్స్ వాచడం, ఆ అనుమానం ఉన్న పేషెంట్‌నే తీసుకుందాం.

ముందు అసలు నొక్కొద్దు. "బాబూ, ఓసారి దగ్గు" అనండి, దగ్గగానే మొహం చిట్లించి కుడిపక్క చెయ్యి వేసుకున్నాడంటే లోపల పెరిటోనియంకి (కడుపు లోపలి గోడని కప్పే పల్చటి పొర) సెగ తగిలిందని అనుమానించొచ్చు. తర్వాత నొప్పి ఎక్కడ మొదలైందో, ఇప్పుడు ఎక్కడుందో ఒక్క వేలితో చూపించమనండి. మొదట బొడ్డు చుట్టూ ఉండి కొన్ని గంటలకి కుడివైపు కిందకి దిగిందంటే దానికో కారణం ఉంది, అపెండిక్స్ ఉబ్బినప్పుడు దాని నరాల నొప్పి బొడ్డు దగ్గరే తెలుస్తుంది, వాపు పైనున్న పెరిటోనియంకి తగిలాకే సరిగ్గా ఆ చోటుకొస్తుంది.

ఇప్పుడు మెక్‌బర్నీ పాయింట్. న్యూయార్క్ సర్జన్ చార్లెస్ మెక్‌బర్నీ 1889లో చెప్పింది. కుడివైపు నడుం ముందు చేతికి తగిలే ఎముక మొన నుంచి బొడ్డు దాకా గీత ఊహించుకోండి, ఎముక వైపు నుంచి మూడో వంతు దూరంలో ఉంటుంది. కానీ చెయ్యి అక్కడ మొదలెట్టొద్దు, నొప్పి లేని ఎడమవైపు నుంచి మెల్లగా రండి, మోకాళ్ళు మడిపించండి, మీ చేతులు వెచ్చగా ఉండాలి, కళ్ళు మాత్రం కడుపు మీద కాదు పేషెంట్ మొహం మీద ఉండాలి.

ఎడమవైపు నొక్కితే కుడివైపు నొప్పొస్తే అది రోవ్‌సింగ్ సైన్. ఇక రీబౌండ్, అంటే లోతుగా నొక్కి చటుక్కున వదలడం, దయచేసి మానేయండి, చాలా బాధ పెడుతుంది. వేలితో తేలిగ్గా తట్టినా అదే సమాచారం దొరుకుతుంది, ఒకరి తర్వాత ఒకరు నలుగురు స్టూడెంట్స్ అదే కడుపుని నొక్కి వదలడం నాకు అస్సలు నచ్చదు.

అపెండిక్స్ సీకం (పెద్దపేగు మొదటి భాగం) వెనకాల దాక్కుంటే ముందు నుంచి పెద్దగా తెలియదు. అప్పుడు ఎడమపక్కకి తిప్పి పడుకోబెట్టి కుడి తొడని వెనక్కి లాగండి, నొప్పొస్తే సోయస్ సైన్. కిందకి పెల్విస్‌లో (తుంటి ఎముకల మధ్య గుంటలో) ఉంటే తుంటి, మోకాలు మడిచి పాదాన్ని బయటికి తిప్పితే నొప్పి వస్తుంది, అది ఆబ్ట్యురేటర్ సైన్. ఇవి రాలేదని అపెండిసైటిస్ లేదనుకోవద్దు.

పిల్లలు పుట్టే వయసున్న ఆడవాళ్ళైతే ప్రెగ్నెన్సీ టెస్ట్ ఆలస్యం చెయ్యొద్దు, ట్యూబులో గర్భం కూడా ఇలాగే వస్తుంది. పెద్దవాళ్ళలో, స్టిరాయిడ్ వాడేవాళ్ళలో కడుపు మెత్తగానే ఉండి లోపల చిల్లు పడి ఉండొచ్చు. నొప్పికి ఇంజెక్షన్ ఇస్తే డయాగ్నసిస్ పోతుందని ఇంకా కొందరు ఆపుతుంటారు, అది పాత భయం, ఇచ్చి మళ్ళీ పరీక్షించండి.

అపెండిసైటిస్ ఎంతవరకు ఉండొచ్చో మార్కులేసి చెప్పే అల్వరాడో స్కోర్ 1986 నుంచి ఉంది, మొత్తం 10లో కుడివైపు కింద టెండర్‌నెస్‌కి (నొక్కితే నొప్పి) 2, తెల్లకణాలు పెరిగితే 2. మిగతావి వచ్చే భాగంలో పిత్తాశయం వాపుకి చూసే మర్ఫీ సైన్‌తో పాటు చూద్దాం, ఈలోపు ఫ్రెండ్ ఒప్పుకుంటే ఆరోగ్యంగా ఉన్న కడుపు మీద చెయ్యి పెట్టి మామూలు మెత్తదనం ఎలా ఉంటుందో అలవాటు చేసుకోండి, నిజంగా నొప్పి ఉన్నవాళ్ళని మాత్రం వెంటనే హాస్పిటల్‌కి పంపండి.