గేదె ఎముకను గ్రాఫ్ట్ పొడిగా మార్చేటప్పుడు కొవ్వు దగ్గరే తప్పులు జరుగుతాయి

పన్ను పీకిన చోట దవడ గుంట నింపడానికి డాక్టర్లు వేసే తెల్లటి గింజలు (గ్రాఫ్ట్) చాలాసార్లు పశువుల ఎముక నుంచి వచ్చినవే. అలాంటివి ల్యాబ్‌లో పరీక్షల కోసం ఎలా తయారు చేయాలో చెప్తాను. ఇది రీసెర్చ్ వరకే. మనిషికి పెట్టాలంటే 2017 మెడికల్ డివైస్ రూల్స్ కింద లైసెన్స్ కావాలి, అది వేరే కథ.

లైసెన్స్ ఉన్న కబేళా నుంచి, వెటర్నరీ డాక్టర్ చూసి ఆరోగ్యంగా ఉందన్న గేదె తొడ ఎముకే తీసుకోండి. తల, వెన్నెముక వద్దు, ప్రయాన్ల (మెదడు జబ్బులు తెచ్చే చెడు ప్రొటీన్ల) భయం ఎక్కువగా ఉండేది మెదడు, వెన్నుపాము దగ్గరే. మోకాలి వైపు చివర గుల్లగా ఉండే భాగాన్ని నీళ్లు పోస్తూ రంపంతో సెంటీమీటరు ముక్కలుగా కోసి, మాంసం గీకేసి, మూలుగను నీటి ధారతో బయటికి కొట్టేయండి. తర్వాత నీళ్లు మారుస్తూ కొన్ని గంటలు ఉడికించండి. పాయా వండినప్పుడు తేలినట్టే జిడ్డు పైకి తేలుతుంది, తీసి పారేయండి.

ఉడికాక ముక్కలు శుభ్రంగా కనిపిస్తాయి, అక్కడే మోసపోతాం. మొదటిసారి నేను లోపలి కొవ్వు తీసే మెట్టు తొందరగా దాటేసి ఫర్నేస్‌లో పెడితే ల్యాబ్ అంతా కమురు వాసన, బయటికి తీస్తే లోపల బూడిదరంగు ముక్కలు! గుల్లల్లో దాక్కున్న కొవ్వు పోవాలంటే ముక్కల్ని ఆరబెట్టి అసిటోన్‌లో నానబెట్టాలి, ఫ్యూమ్ హుడ్ (ఆవిర్లు లాగేసే పెట్టె) కిందే, రోజూ మారుస్తూ. అయిందో లేదో చూడ్డానికి ఒక ముక్కను ఆరనిచ్చి ఫిల్టర్ పేపర్ మీద గట్టిగా నొక్కండి. బజ్జీ పెట్టిన కాగితంలా మరక పడితే ఇంకా ఉన్నట్టే. అసిటోన్ పూర్తిగా ఆవిరైపోయేదాకా ఫర్నేస్ వైపు తీసుకెళ్లొద్దు, మంటలు లేస్తాయి.

ఇప్పుడు ప్రొటీన్ సంగతి. లీటరు ద్రావణంలో 40 గ్రాముల సోడియం హైడ్రాక్సైడ్ ఉండేలా కలిపి (గుళికల్ని నీళ్లలో వేయాలి గానీ గుళికల మీద నీళ్లు పోయకూడదు, వేడికి చిందుతుంది) ముక్కల్ని కనీసం గంట ఉంచండి. ప్రయాన్లు మామూలు ఆటోక్లేవ్‌కి (ఒత్తిడి ఆవిరితో క్రిములు చంపే యంత్రానికి) లొంగవు, అందుకే ఈ గాఢక్షారం. గ్లోవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. తర్వాత కడిగిన నీళ్ల పీహెచ్ 7కి వచ్చేదాకా కడగండి, విసుగ్గా ఉన్నా సరే, మిగిలిన క్షారం పరీక్షలో వాడే జీవకణాల్ని చంపేస్తుంది.

మఫుల్ ఫర్నేస్‌లో (మూసి ఉండే ల్యాబ్ కొలిమిలో) నిమిషానికి 5 డిగ్రీల చొప్పున పెంచి 700 డిగ్రీల దగ్గర మూడు గంటలు ఉంచండి. మధ్యలో నల్లబడితే కంగారు పడొద్దు, అది కార్బన్, గాలి అందితే కాలిపోయి ముక్క సుద్దలా తెల్లబడుతుంది. 1000 దాకా పోతే ఇంకా బాగా శుద్ధవుతుంది కదా అనుకుంటారు కొందరు, కానీ స్ఫటికాలు పెద్దవై ఎముకలో కరగడం బాగా తగ్గిపోతుంది. ఆపేశాక తలుపు తెరవకుండా చల్లారనివ్వండి.

దంచి, 0.25 నుంచి 1 మిల్లీమీటరు జల్లెడల మధ్య నిలిచినదే ఉంచుకోండి. సన్నటి పొడి వాపు తెస్తుంది, కడిగి పారేయండి. ఎఫ్‌టీఐఆర్‌లో (ఇన్‌ఫ్రారెడ్ కాంతితో పదార్థాన్ని గుర్తించే పరీక్షలో) 1650 cm⁻¹ దగ్గర ప్రొటీన్ గుర్తైన అమైడ్ శిఖరం కనిపిస్తే ప్రొటీన్ మిగిలిందని. కాల్షియం, ఫాస్ఫరస్ నిష్పత్తి 1.67 చుట్టుపక్కల ఉండాలి.

ఇంకొకటి, ఫర్నేస్‌లో శుభ్రమైన గింజల్ని మామూలు నీళ్లతో కడిగి మనమే పాడు చేస్తాం. చచ్చిన బ్యాక్టీరియా వదిలే ఎండోటాక్సిన్ అనే విషం ఆటోక్లేవ్‌తో పోదు. పైరోజన్ (ఇలాంటి జ్వరం తెచ్చే పదార్థం) లేని నీళ్లు వాడండి, లేదా కడిగి ఆరబెట్టాక 250 డిగ్రీల పొడి వేడిలో అరగంట ఉంచి, ఆపైన సీల్ చేసి క్రిములు చంపే 25 కిలోగ్రే గామా కిరణాలకి పంపండి.