పెళ్లినాటి నడుము – 3వ పాఠం: నూనె సీసా, బియ్యం కప్పు

మొదటి పాఠంలో టేపు ఎలా పట్టుకోవాలో చూశాం. రెండో పాఠంలో ఎంతవరకు తగ్గాలో తేల్చుకున్నాం. ఈ పాఠమంతా వంటింట్లోనే. అయితే వంటింట్లోకి వెళ్లేముందు ఆ రెండు పాఠాల్లోంచి ఎక్కువగా తప్పిపోయే సంగతులు ఓసారి గట్టిచేసుకోవాలి. కొలత తప్పితే ఇక్కణ్ణుంచి వేసే లెక్కలన్నీ తప్పుతాయి.

టేపు బొడ్డు మీద చుట్టకూడదు. కింది పక్కటెముక ఎక్కడ ముగుస్తుందో, తుంటి ఎముక పై అంచు ఎక్కడ తగులుతుందో వేళ్లతో చూసుకుని, ఆ రెంటికీ సరిగ్గా మధ్యన చుట్టండి. ఊపిరి మామూలుగా వదిలాక అంకె చూడండి. పొట్ట లోపలికి లాక్కుంటే నాలుగు సెంటీమీటర్లు దొంగలెక్క వస్తుంది, దానివల్ల నష్టపోయేది మీరే. మనవాళ్లలో ఆడవాళ్లకి 80, మగవాళ్లకి 90 సెం.మీ. దాటితే పొట్ట లోపల కొవ్వు ఎక్కువైందని లెక్క. ఇంకా సులువుగా గుర్తుండేది: నడుము చుట్టుకొలత ఎత్తులో సగాన్ని మించకూడదు. 158 సెం.మీ. ఎత్తు ఉంటే 79.

ప్యాంటు సైజుని మాత్రం నమ్మకండి. మగవాళ్లు పొట్ట పెరిగేకొద్దీ ప్యాంటు కిందికి దించుకుంటూ పోతారు కాబట్టి ఇరవయ్యేళ్లుగా 34 దగ్గరే ఉన్నామనుకుంటారు. పైగా రెడీమేడ్ ప్యాంటు మీద 34 అని ఉన్నా, టేపు పెట్టి చూస్తే 36 ఉండటం మామూలే. ఆడవాళ్లకి ఇంతకన్నా నిజం చెప్పే సాక్షి బీరువాలోనే ఉంటుంది: ఆది జాకెట్టు. దాన్ని తిరగేసి పక్క కుట్టు చూడండి. టైలరు లోపల వదిలిన బట్ట మీద, విప్పేసిన పాత కుట్ల చిల్లులు వరసలు వరసలుగా కనిపిస్తాయి. కుట్టు పావు అంగుళం జరిపితే ముందు బట్టలో పావు, వెనక బట్టలో పావు కలుస్తాయి. రెండు పక్కలా జరిపారు కాబట్టి ఒక్కో వరసకి చుట్టుకొలత అంగుళం పెరిగినట్టు. అది నడుము కొలత కాకపోయినా, ఒళ్లు ఒక్క ఏడాదిలో రాలేదనీ, కొంచెం కొంచెంగా వచ్చిందనీ కళ్లకి కట్టినట్టు చెబుతుంది.

లక్ష్యం నడుమే, పాత బరువు కాదు. 158 సెం.మీ. మనిషి పాతికేళ్లప్పుడు 45 కిలోలు ఉందంటే అప్పుడే ఉండాల్సినదానికన్నా తక్కువ ఉన్నట్టు. 52వ ఏట ఆ అంకెకి దిగాలని చూస్తే కరిగేది కండే. తుంటి ఎముకల వెడల్పు వయసుతో కొద్దిగా పెరుగుతుంది, పాదం కొంచెం చదునవుతుంది. వీటిని ఏ పథ్యమూ వెనక్కి తీసుకురాలేదు. పాత చెప్పులు ఎవరికైనా ఇచ్చేయండి.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. ‘నలభై దాటాక ఒంట్లో మంట తగ్గిపోయింది, ఏం తిన్నా ఒంటికి పడుతోంది’ అన్న మాట ప్రతి ఇంట్లోనూ వినిపిస్తుంది. 2021లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన పరిశోధన ఈ మాటని దాదాపు కొట్టేసింది. ఎనిమిది రోజుల పసివాళ్ల నుంచి 95 ఏళ్ల వృద్ధుల దాకా 6,400 మందికి పైగా మనుషుల ఒంట్లో ఖర్చయ్యే శక్తిని కొలిచి చూస్తే, ఒంట్లో ఉన్న కండకి తగ్గట్టు సరిచేశాక 20 నుంచి 60 ఏళ్ల దాకా అది పెద్దగా మారలేదు. మారినవి కండ, నడక. వాటితోపాటు కంచం. కండ సంగతి నాలుగో పాఠంలో చూద్దాం. ఇక్కడ కంచం చూద్దాం.

ఒక ఉదాహరణ తీసుకుందాం: 52 ఏళ్లు, 158 సెం.మీ., 72 కిలోల గృహిణి. బరువుని 10తో గుణిస్తే 720. ఎత్తుని 6.25తో గుణిస్తే 987. రెండూ కలిపి, అందులోంచి వయసుకి అయిదు రెట్లు (260), ఆడవాళ్లకి ఇంకో 161 తీసేయండి. సుమారు 1,286 కేలరీలు. మగవాళ్లకి 161 తీసేసే బదులు 5 కలపాలి. ఇది కదలకుండా పడుకున్నా ఒళ్లు ఖర్చుపెట్టేది. ఇంటి పని, బజారు, మెట్లు ఉన్నవాళ్లు దీన్ని 1.4తో గుణించాలి: 1,800. రోజుకి 400 తగ్గిస్తే నెలకి 12,000. కిలో కొవ్వు అంటే సుమారు 7,700 కేలరీలు కాబట్టి కాగితం మీద నెలకి కిలోన్నర తగ్గాలి. నిజంగా తగ్గేది కిలో, కిలోంబావు. తగ్గిన ఒంటికి ఖర్చు కూడా తగ్గుతుంది, మధ్యలో పెళ్లిళ్లూ పండగలూ వస్తాయి. నెలకి కిలో చాలు. డాక్టరు దగ్గరుండి చూసుకుంటే తప్ప 1,200 కేలరీల కిందికి దిగొద్దు.

ఆ 400 ఎక్కణ్ణుంచి తీయాలి? ముందు నూనెలోంచి. అక్కడ తగ్గిస్తే ఆకలి వేయదు కాబట్టి.

నలుగురున్న ఇంట్లో నెలకి 4 లీటర్ల నూనె అయిపోతోందనుకోండి. లీటరు నూనె 910 గ్రాములు తూగుతుంది. మనిషికి రోజుకి 30 గ్రాములు, అంటే 270 కేలరీలు. దాన్ని రెండున్నర లీటర్లకి దింపితే మనిషికి 19 గ్రాములే పడుతుంది, తలా 100 కేలరీలు మిగులుతాయి. కొనేటప్పుడు ప్యాకెట్టు మీద గ్రాములు చదవండి. చూడటానికి లీటరులా ఉండే ప్యాకెట్లన్నిటిలోనూ 910 ఉండదు.

చేసే పద్ధతి ఇది. ఆదివారం పొద్దున్నే ఒక సీసాలో 600 మి.లీ. నూనె కొలిచి పోయండి. వారమంతా వంట ఆ సీసాలోంచే. డబ్బా అటక మీదకి. పోపుకి గరిటె వాడటం మానేసి 5 మి.లీ. చెంచా పెట్టుకోండి. ఒక్కో చెంచా 40 కేలరీలు. శుక్రవారానికే సీసా ఖాళీ అయితే మళ్లీ నింపకండి. శనివారానికి పులుసు, పప్పుచారు, పెరుగు పచ్చడి ఉన్నాయి. పూరీలు, అప్పడాలు వేయించాల్సి వస్తే ముందూ తర్వాతా నూనె కొలిచి, తేడాని ఆ వారం సీసాలోంచి తీసేయండి. ఆవకాయ పైన తేలే నూనె కూడా నూనే.

వేపుళ్ల దగ్గరే అందరూ చేతులెత్తేస్తారు. దొండకాయ, బెండకాయ ముక్కల్ని నూనెలో వేయిస్తూ కూర్చుంటే నాలుగైదు చెంచాలు తాగేస్తాయి, వంకాయ ఇంకా ఎక్కువ. వరస మార్చండి. ఇనప మూకుడులో ఒక చెంచా నూనెతో పోపు వేసి, ముక్కలు, ఉప్పు వేసి, సన్న సెగ మీద మూత పెట్టి మగ్గించండి. దొండకాయకి గుక్కెడు నీళ్లు చిలకరించొచ్చు. బెండకాయకి నీళ్లు తగిలితే జిగురు పడుతుంది, మూత కూడా వద్దు. ముక్క మెత్తబడ్డాక మూత తీసి, తడి పూర్తిగా ఇంకనిచ్చి, అప్పుడు రెండో చెంచా వేసి మంట పెంచండి. కరకర చివరి నూనెతోనే వస్తుంది. తడి ఇంకకముందే వేస్తే ముక్క అడుగంటుతుంది. అప్పుడు చెయ్యి మళ్లీ సీసా మీదకి పోతుంది.

తర్వాత బియ్యం. కుక్కరుతో వచ్చిన ప్లాస్టిక్ కప్పు 180 మి.లీ. అందులో పట్టేది సుమారు 150 గ్రాముల బియ్యం, 520 కేలరీలు. ఉడికాక దాదాపు 400 గ్రాముల అన్నం. రోజు మొత్తమ్మీద మీ వాటాలో 50 గ్రాముల బియ్యం, అంటే కప్పులో మూడో వంతు తగ్గిస్తే 175 కేలరీలు తగ్గాయి. అన్నం వండాక కాదు, బియ్యం పోసేటప్పుడే తగ్గించాలి. వండిన అన్నం మిగిలితే ఏ అమ్మా పారబోయదు, ‘ఈ కాస్తా ఎందుకు’ అని కలిపేసుకుంటుంది. కంచంలో ముందు కూర, పప్పు వడ్డించుకుని అన్నం తర్వాత పెట్టుకోండి.

‘రాత్రి అన్నం మానేశాను, చపాతీలే’ అనేవాళ్ల నడుము ఎందుకు తగ్గదో ఇప్పుడు తేలిపోతుంది. నాలుగు చపాతీలకి 140 గ్రాముల పిండి, 475 కేలరీలు. ఒక్కోదానికి చెంచా నూనె, ఇంకో 160. మొత్తం 635. వాళ్లు మానేసిన అన్నం 100 గ్రాముల బియ్యానిది, 350. చిరుధాన్యాలదీ ఇదే కథ. గ్రాముకి గ్రాము చోడి (రాగి) పిండి కూడా బియ్యానికి దగ్గర్లోనే ఉంటుంది. చోడి అంబలి తేలిక ఎందుకంటే గ్లాసులో 25 గ్రాముల పిండే ఉంటుంది కాబట్టి. అదే పిండిని సంకటి ముద్ద చేసి తింటే తేలిక మాట మర్చిపోవచ్చు.

మిగతాదాంట్లో చాలావరకు టీలో దొరుకుతుంది. రోజుకి మూడు కప్పులు, కప్పుకి రెండు చెంచాల పంచదార వేసుకునేవాళ్లు అరచెంచాకి దిగితే 90 కేలరీలు. ఒకేసారి మానొద్దు, వారానికి అరచెంచా చొప్పున దిగండి. నాలుక అలవాటు పడుతుంది. ఇడ్లీ మంచిదే. దాని పక్కన చట్నీకి రుబ్బిన పచ్చికొబ్బరి 50 గ్రాములు ఉంటే అది 175 కేలరీలు, అంటే మూడు చిన్న ఇడ్లీలు.

తగ్గించడంతో పాటు పెంచాల్సింది ఒకటుంది, మాంసకృత్తులు. తిండి తగ్గిస్తే పోయే బరువులో సుమారు నాలుగో వంతు కొవ్వు కాదు. దాన్ని ఆపడానికి లక్ష్యం బరువులో కిలోకి 1 నుంచి 1.2 గ్రాములు కావాలి. లక్ష్యం 62 కిలోలయితే రోజుకి 62 నుంచి 74 గ్రాములు. పొద్దున్న 60 గ్రాముల పెసలతో పెసరట్లు (14), మధ్యాహ్నం 40 గ్రాముల కందిపప్పు (9), 150 గ్రాముల పెరుగు (5), ఒక గుడ్డు (6), రాత్రి 120 గ్రాముల చేప (23), రోజు మొత్తం బియ్యంలోంచి ఇంకో 12. మొత్తం 69. చేప అంటే వంజరమే కానక్కర్లేదు. విశాఖ ఫిషింగ్ హార్బర్లో చవగ్గా దొరికే కానాగంతలు, కవ్వళ్లు ఈ లెక్కకి చాలు, వేపుడు కాకుండా పులుసు పెట్టుకుంటే. తల, పొట్ట తీయించాక బరువు దాదాపు మూడో వంతు పోతుంది, కాబట్టి కొన్న బరువు కాకుండా శుభ్రం చేశాక తూకం వేయండి. శాకాహారులు చేప బదులు 45 గ్రాముల ఎండు మీల్‌మేకర్ వేసుకోవచ్చు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డాక్టరుని అడక్కుండా ఈ పేరా పాటించొద్దు.

నడకని ఈ లెక్కలో కలపలేదేమని అడగొచ్చు. తెల్లవారుజామున బళ్లు ఆపేసిన బీచ్ రోడ్డులో 4 కిలోమీటర్లు నడిస్తే 72 కిలోల మనిషికి 150 నుంచి 200 కేలరీలు ఖర్చవుతాయి. అంటే నాలుగైదు చెంచాల నూనె. గుండెకి, షుగరుకి నడక ఎంతో మంచిది, మానొద్దు. కానీ నడిచొచ్చామన్న ధీమాతో టిఫిన్ బండి దగ్గర పూరీ తింటే ఆ పూట లెక్క అప్పులోకి పోతుంది. నడక అవ్వగానే తూకం ఎక్కి అరకిలో తగ్గామని సంతోషపడటమూ దండగే. విశాఖ ఉక్కపోతలో పోయినది చెమట, రెండు గ్లాసుల మజ్జిగతో తిరిగొచ్చేస్తుంది.

తూకం పొద్దున్నే, కాలకృత్యాలు తీర్చుకున్నాక, కాఫీ తాగకముందు, గచ్చు మీద పెట్టి చూసుకోవాలి. కార్పెట్ మీద పెడితే అంకె మారిపోతుంది. ఎండు చేపల కూర తిన్న మర్నాడు కిలో పెరిగి కనిపిస్తుంది. అది ఉప్పు పట్టి ఉంచిన నీరు, రెండు మూడు రోజుల్లో దిగిపోతుంది. అందుకే ఏడు రోజుల అంకెలు కలిపి ఏడుతో భాగించి, ఆ సగటునే నోటుబుక్కులో రాయండి. నడుము కొలత రెండు వారాలకోసారి చాలు.

వరసగా మూడు వారాలు సగటు కదలకపోతే వెంటనే అన్నం కోసేయకండి. ముందు సీసా మళ్లీ నింపారేమో చూడండి, తర్వాత ఆదివారం చూడండి. ఆరు రోజులు 400 చొప్పున మిగిలించిన 2,400లో సగం బయట తిన్న బిర్యానీ, కూల్‌డ్రింకు, స్వీటు ఒక్క మధ్యాహ్నంలో తినేస్తాయి. ఫ్యాక్టరీల్లోనూ పోర్టులోనూ నైట్ షిఫ్టు చేసేవాళ్లు రాత్రి రెండింటికి టీతో తినే బజ్జీలని ఏ రోజు ఖాతాలోనూ వేయరు. డ్యూటీకి ఉడకబెట్టిన సెనగలో, రెండు గుడ్లో పట్టుకెళ్లండి.

షుగరుకి గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్లు, ఇన్సులిన్ తీసుకునేవాళ్లు బియ్యం తగ్గించేముందే డాక్టరుకి చెప్పాలి. తిండి తగ్గి మందు పాత మోతాదులోనే ఉంటే షుగరు పడిపోయి వణుకు, చెమటలు, కళ్లు తిరగడం వస్తాయి. బీపీ మాత్రలు కూడా బరువు తగ్గేకొద్దీ సరిచేయించుకోవాలి. వారానికి కిలోన్నరకి మించి తగ్గుతుంటే పిత్తాశయంలో రాళ్లు పడే ప్రమాదం ఉంది, వేగం తగ్గించండి. ఏమీ చేయకుండానే బరువు పడిపోతుంటే దానికి ఈ పాఠాలు పనికిరావు, పరీక్షలు చేయించుకోండి.

నాలుగో పాఠం కండ గురించి. ఈలోగా రెండు వారాలు సీసా, కప్పు, తూకం నడపండి. ఆ పాఠానికి చేతుల్లేని గట్టి కుర్చీ ఒకటి, లీటరు నీళ్ల సీసాలు రెండు, జారని గోడ ఒకటి సిద్ధంగా ఉంచుకోండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కుర్చీ మీద వేసుకోవడానికి గట్టి దిండు కూడా తెచ్చుకోవాలి.