ఆదివారం అందరూ ఇంట్లో ఉన్నప్పుడు: కూల్‌డ్రింక్ సీసాలో యాసిడ్ పోయకండి

2020 ఏప్రిల్‌లో, కరోనా లాక్‌డౌన్ రోజుల్లో, ఒక ఆదివారం మధ్యాహ్నం మా కాలనీలో అయిదేళ్ల పిల్లవాడు బాత్‌రూమ్ కడిగే యాసిడ్ తాగాడు. ఇంట్లో అందరూ ఉన్నారు. నాయన టీవీలో కేసుల లెక్క చూస్తున్నాడు, అమ్మ వంటింట్లో చియ్యలకూర చేస్తోంది, జేజి మంచం మీద కునుకు తీస్తోంది. ఎండలో మిద్దె మీద ఆడి దిగివచ్చిన బిడ్డకు బాత్‌రూమ్ గుమ్మం దగ్గర కూల్‌డ్రింక్ సీసా కనిపించింది. మూత తీసి రెండు గుక్కలు మింగాడు. ప్రాణం దక్కింది. గొంతు కాలిపోయి, ముక్కులో వేసిన గొట్టం ద్వారా పాలు పోయాల్సి వచ్చింది.

మాస్కు, సబ్బు, మనిషికీ మనిషికీ దూరం గురించి నేను చెప్పను. ఆ రోజుల్లో ఫోన్ చేసిన ప్రతిసారీ దగ్గుతో మొదలయ్యే కరోనా హెచ్చరిక వింటూనే ఉన్నారు. అప్పుడు రాష్ట్రంలో ఎక్కువ కేసులున్న జిల్లాల్లో మన కర్నూలు ఒకటి, కాబట్టి జబ్బు భయం ఉండాల్సిందే. కానీ ఆ భయంతో మనం ఇంట్లోకి తెచ్చిపెట్టుకున్న వాటి గురించి ఎవరూ చెప్పలేదు. బ్లీచింగ్ పౌడర్, హైపో (క్రిములు చంపే సోడియం హైపోక్లోరైట్ ద్రావణం), శానిటైజర్, ఫినాయిల్, యాసిడ్ ఒకే ఇంట్లో, ఒకే మూలలో చేరాయి. పిల్లలు మాత్రం బడి లేక పొద్దుగూకులూ ఆ మూల చుట్టే తిరిగేవారు.

సీసా సంగతి

లాక్‌డౌన్‌లో అంగళ్లు తెరిచింది పొద్దున కాసేపే. అందుకని ఒకరు వెళ్లి పెద్ద క్యాన్ కొనుక్కొచ్చి నాలుగిళ్లకు పంచేవారు. పంచడానికి సీసా కావాలి. చేతికి దొరికేది ఖాళీ కూల్‌డ్రింక్ సీసా, లేకపోతే నీళ్ల సీసా. అక్కడే కొంప మునుగుతోంది.

తాగే సీసాలో తాగకూడనిది పోయకండి. ఒక్క పూటకైనా పోయకండి.

బాత్‌రూమ్ యాసిడ్ పలచటి పసుపు రంగులో ఉంటుంది, చూడటానికి నిమ్మరసమే. హైపో కూడా దాదాపు అంతే. ఫినాయిల్ నీళ్లలో కలిపితే పాలలా, మజ్జిగలా తెల్లబడుతుంది. శానిటైజర్ అచ్చం నీళ్లే. అయిదేళ్ల బిడ్డ సీసాను బట్టి లోపల ఏముందో అనుకుంటాడు గానీ వాసన చూసి తాగడు. ఆ మూత ఎలా తిప్పాలో మనమే నేర్పించాం. ఏప్రిల్ ఎండలో గొంతెండి వచ్చినవాడు గుటకేశాకే రుచి చూస్తాడు.

చీటీ అంటించాను కదా అంటారు కొందరు. చదువు రాని బిడ్డకు చీటీ ఎందుకు? కరెంటు పోయిన రాత్రి దాహమేసి లేచిన పెద్దాయనకు మాత్రం ఏం కనిపిస్తుంది? పైన పెట్టాను కదా అంటారు ఇంకొందరు. వాడుకున్నాక మళ్లీ పైనే పెడతారని నమ్మకమేంటి? ఆ ఇంట్లో కూడా సీసా రోజూ పైనే ఉండేది. ఆ రోజు కడగడం సగంలో ఉండగా కుక్కర్ విజిల్ వేసిందని దించిన చోటే వదిలి వెళ్లారు.

ఆదివారం ఇంకో ప్రమాదం ఉంది. ఇంట్లో ఇంతమంది ఉన్నారు కదా, ఎవరో ఒకరు చూస్తుంటారులే అని ప్రతి ఒక్కరూ అనుకుంటారు. ఒక్కతే ఉన్న తల్లి బిడ్డను కనిపెట్టుకుని ఉంటుంది. ఆరుగురున్న ఇంట్లో ఎవరూ చూడరు.

యాసిడ్‌ది యాసిడ్ సీసాలోనే, ఫినాయిల్‌ది ఫినాయిల్ సీసాలోనే ఉండాలి. ఆ సీసా లేకపోతే పంచుకోకండి. బండి మీద విడిగా అమ్మేవాళ్ల దగ్గర అసలే కొనకండి. యాసిడ్ ఎవరికి పడితే వారికి అమ్మకూడదని 2013లోనే సుప్రీంకోర్టు కట్టడి చేసింది. అయినా పాత సీసాల్లో పోసి వీధిలో అమ్ముతూనే ఉన్నారు.

పొరపాటున తాగితే

వాంతి చేయించకండి. మన ఇళ్లలో ముందు చేసే పని ఇదే. నోట్లో వేలు పెడతారు, ఉప్పునీళ్లు తాగిస్తారు. యాసిడ్ లోపలికి వెళ్తూ ఒకసారి కాలుస్తుంది, వాంతయితే పైకి వస్తూ మళ్లీ కాలుస్తుంది. కిరోసిన్, ఫినాయిల్ అయితే వాంతిలో ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా తెస్తాయి. చింతపండు నీళ్లు, నిమ్మరసం, సోడా, కోడిగుడ్డు ఏదీ వద్దు. నోరు, పెదాలు మామూలు నీళ్లతో కడిగి 108కి ఫోన్ చేయండి. ఆ సీసా కూడా వెంట తీసుకెళ్లండి, ఏం తాగాడో డాక్టర్‌కు అదే చెబుతుంది. ఆగకండి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఆసుపత్రికి వెళ్లడానికి లాక్‌డౌన్‌లో కూడా అడ్డు లేకపోయింది.

బిడ్డ బాగానే ఆడుతున్నాడని ఊరుకోవద్దు. గొంతులో పుండు మానేటప్పుడు అన్నవాహిక ఒక్కోసారి ముడుచుకుపోతుంది. కొన్ని వారాల తర్వాత ముద్ద దిగదు. అప్పుడు దాన్ని వెడల్పు చేయించడానికి మళ్లీ మళ్లీ ఆసుపత్రికి తిరగాలి. రెండు గుక్కలకు ఆ బిడ్డ ఏళ్ల తరబడి పడే బాధ అది.

కడిగేటప్పుడు

ఆదివారం కదా అని బాత్‌రూమ్ పట్టుకుంటారు. యాసిడ్‌తో పోలేదని పైన బ్లీచింగ్ పౌడర్ చల్లుతారు, లేదా హైపో పోస్తారు. రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ పుడుతుంది. చిన్న గది, జానెడు కిటికీ, మూసిన తలుపు. కళ్లు మండి దగ్గు మొదలైతే నీళ్లు పోద్దామని కూడా ఆగకుండా బయటికి రండి. తలుపు తెరిచి వదిలేయండి. గాలి పూర్తిగా మారేదాకా లోపలికి పోవద్దు. ఊపిరి ఆడకపోతే, దగ్గు తగ్గకపోతే ఆసుపత్రికి వెళ్లండి.

హైపో క్యాన్‌ను ఎండలో పెట్టకండి, వేడికి గ్యాస్ పుట్టి ఉబ్బుతుంది. బకెట్‌లో కలిపింది మిగిలితే పారబోయండి. రేపటికని దాన్ని నీళ్ల సీసాలో పోసి పెట్టకండి. మళ్లీ అదే మాట చెబుతున్నాను, ఎందుకంటే మళ్లీ అదే పని చేస్తున్నారు.

మిగిలినవి వరసగా చెప్పేస్తాను.

శానిటైజర్ రాసుకున్న చేత్తో పొయ్యి ముట్టించకండి. వంటింట్లో సబ్బు చాలు. శానిటైజర్‌లో సగానికి పైగా ఆల్కహాలే, మన ఎండలకు దాని ఆవిరి ఇట్టే లేస్తుంది, మంట వెలుతురులో సరిగా కనిపించదు కూడా. 2020 ఏప్రిల్ 5 ఆదివారం రాత్రి, ప్రధాని పిలుపుతో దేశమంతా దీపాలు పెట్టే ముందు, శానిటైజర్ వద్దని హెచ్చరించింది ఇందుకే.

శానిటైజర్ సీసా స్టవ్ గట్టు మీద, దేవుడి దీపం దగ్గర పెట్టకండి.

కూరగాయలు మామూలు నీళ్లలో కడగండి. సబ్బు, బ్లీచింగ్, శానిటైజర్ వద్దు.

మనుషుల మీద హైపో చల్లకండి. అంగడి నుంచి వచ్చిన మనిషిని సబ్బుతో స్నానం చేయమనండి, చాలు.

పిల్లలకు ఆవిరి పట్టకండి. మరిగే గిన్నె దుప్పటి కింద ఒరిగితే ఒళ్లంతా కాలుతుంది.

నీళ్లు వచ్చే రోజు సంపు మూత తీసి, మోటారు వేసి, ఫోన్‌లో మునిగిపోకండి. డ్రమ్ములకు మూత పెట్టండి.

పిట్టగోడ లేని మిద్దె మీదికి పిల్లలను ఒంటరిగా పంపకండి. గాలిపటం కరెంటు తీగకు చిక్కితే వదిలేయాలి.

జేజి బీపీ మాత్రలు దిండు కింద ఉంచనీయకండి.

కరోనా రాకుండా ఉంటుందని ఎవరో చెప్పిన మాత్రలు మింగకండి.

మందు దొరకలేదని శానిటైజర్ తాగే మనిషి ఇంట్లో ఉంటే, దాన్ని బీరువాలో పెట్టి తాళం వేయండి. సిగ్గుపడి దాచకండి.

ఈరోజు పిల్లలను ఎవరు చూడాలో పేరు పెట్టి చెప్పండి. పది నుంచి పన్నెండు దాకా నాయన. వంటయ్యాక అమ్మ. చూస్తున్న మనిషి చేతిలో ఫోన్ ఉండకూడదు.

కడగడం మధ్యలో ఆపి పోవాల్సి వస్తే సీసా చేత్తో పట్టుకునే పోండి. కుక్కర్ ఎన్ని విజిల్స్ వేసినా సరే.

ఫ్రిజ్‌లో నీళ్ల సీసాల పక్కన ఏ మందూ, ఏ ద్రావకమూ పెట్టకండి.

ఖాళీ కూల్‌డ్రింక్ సీసాలు దాచుకోకండి. నలిపి చెత్తబండిలో వేయండి.

పక్కింటి అక్క ఖాళీ నీళ్ల సీసా పంపి ఇందులో కొంచెం ఫినాయిల్ పోయమంటే, సీసాను అలాగే తిప్పి పంపండి. ఆమె ఏమనుకున్నా సరే.