రాచెట్ బెల్ట్ కట్ చేసే ముందు

కన్నాలు లేకుండా, వెనకాల ఉన్న పళ్ల పట్టీని బకిల్ పట్టుకుని బిగుసుకునే రాచెట్ బెల్ట్ కొంటే చాలామందికి తోక పొడుగ్గా వచ్చి పక్క జేబు దాకా వేలాడుద్ది, వెంటనే కత్తెర తీసుకుని ఆ తోకే కోసేస్తారు, అలా మాత్రం చెయ్యకండి, కొయ్యాల్సింది బకిల్ వైపు.

ముందు రోజూ వేసుకునే ప్యాంటు వేసుకుని, షర్ట్ టక్ చేసి, బెల్ట్ కొయ్యకుండానే పెట్టి సరిపోయేంత బిగించండి. బకిల్ దాటాక తోక ఎంత మిగిలిందో టేపుతో కొలవండి, అందులో 4 అంగుళాలు ఉంచేసి మిగతా అంత పొడవు బకిల్ వైపు కొయ్యాలి, కానీ మొదటిసారి లెక్క కన్నా అర అంగుళం తక్కువే కొయ్యండి, ఆదివారం బిర్యానీకి కూడా కాస్త చోటు ఉండాలి కదా. బకిల్ క్లిప్ లేపితే పట్టీ ఊడొస్తుంది, స్కేలు పెట్టి గీత గీసి అడ్డంగా తిన్నగా కోసి, మళ్లీ లోపలికంటా తోసి క్లిప్ నొక్కెయ్యడమే. లెదర్ మందంగా ఉంటే ఇంట్లో కత్తెరతో కుస్తీ ఎందుకు, వైజాగ్‌లో అయితే జగదాంబ సైడు చెప్పులు కుట్టేవాళ్ల దగ్గరికి పట్టుకెళ్తే ఒక్క వేటుకి కోసిస్తారు.

ఫార్మల్ ప్యాంట్లకైతే 35 మిల్లీమీటర్ల వెడల్పు తీసుకోండి, 40ది కొన్ని లూపుల్లో దూరదు.

బకిల్‌ని కుట్టేసో రివెట్ కొట్టేసో ఇచ్చిన బెల్టులకి ఇది పనిచెయ్యదు. ఇంకోటి, వెనకాల పళ్ల పట్టీ కుట్టిందో అతికించిందో చూసుకోండి, మన వైజాగ్ ఉక్కకి చెమట పట్టి గమ్‌తో అతికించింది లేచిపోద్ది.