బంపర్‌ను చూసుకోవడం ఎలా? పాత కార్ల నుంచి పడవల దాకా

బంపర్ ఉన్నదే దెబ్బ కాచుకోవడానికి. అయినా మనం ఎక్కువగా చూసేది దాని మెరుపునే. ఇంకో దెబ్బ తగిలితే ఆపే సత్తా దానిలో మిగిలిందా లేదా అన్నది ముందు చూడాలి, తళతళలు తర్వాత. క్రోమ్ బంపర్‌కైనా, పడవ పక్కన వేలాడుతూ దెబ్బ కాచే మెత్తటి దిండు లాంటి ఫెండర్‌కైనా ఇదే వరస.

మొదట అది దేంతో చేసిందో తేల్చుకోండి

చిన్న అయస్కాంతం చాలు. గట్టిగా అతుక్కుంటే లోపల ఉక్కు ఉన్నట్టు. అతుక్కోకపోతే అల్యూమినియమో, ఒక రకం స్టెయిన్‌లెస్ స్టీలో, పైన క్రోమ్ పూసిన ప్లాస్టిక్కో కావచ్చు. కింద చెప్పే తుప్పు వదిలించే పద్ధతి ఉక్కు మీది క్రోమ్‌కే. ప్లాస్టిక్ మీద ప్రయోగిస్తే ఉన్న మెరుపు కూడా పోతుంది.

కారు వయసు కూడా ఒక ఆధారమే. 1972లో ఫ్రెంచ్ కారు రెనో 5 ప్లాస్టిక్ బంపర్లతో వచ్చింది. 1973 మోడళ్ల నుంచి అమెరికాలో కొత్త నిబంధన పెట్టారు. గంటకు 5 మైళ్ల వేగంతో ముందు వైపు గుద్దుకున్నా లైట్లు, ఇంధన వ్యవస్థ లాంటివి దెబ్బతినకూడదు. దాంతో బంపర్లు బరువెక్కి, బాడీ నుంచి ముందుకు పొడుచుకొచ్చాయి. బ్రిటన్ కారు ఎంజీబీకి 1974లో నల్ల రబ్బరు బంపర్లు తగిలించింది కూడా ఈ నిబంధనల వల్లే. దాని అభిమానుల్లో చాలామంది ఇప్పటికీ క్రోమ్ బంపర్ మోడలే కావాలంటారు. కాబట్టి పాత విడిభాగం కొనేటప్పుడు మోడల్ పేరుతో సరిపెట్టకండి, తయారీ సంవత్సరం కూడా అడగండి.

క్రోమ్ మీద తుప్పు వదిలించడం

మనకు కనిపించే క్రోమియం పొర చాలా పలచన, మామూలుగా ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కూడా ఉండదు. తుప్పును అసలు ఆపేది దాని కింద ఉండే నికెల్ పొర. ఆ పొరల్లోని సన్నటి రంధ్రాల్లోంచి నీరు ఉక్కును చేరినప్పుడు పైన గోధుమ రంగు చుక్కలు కనిపిస్తాయి.

1. బంపర్ వేడిగా లేనప్పుడు, నీడలో, కార్ షాంపూతో కడగండి. ఇసుక రేణువు ఒక్కటి మిగిలినా తర్వాత రుద్దేటప్పుడు అదే గీత పెడుతుంది.

2. వంటింట్లో వాడే అల్యూమినియం ఫాయిల్‌ను ఉండగా నలిపి, నీళ్లలో ముంచి, చుక్కల మీద మెల్లగా రుద్దండి. అల్యూమినియం క్రోమ్ కన్నా మెత్తన, అందుకే తుప్పును లాగుతుంది గానీ పూతను గీకదు. కాసేపటికి బూడిద రంగు, గోధుమ రంగు కలిసిన మడ్డి పైకి వస్తుంది. దాన్ని తడిగుడ్డతో తుడిచి వేలితో తడిమి చూడండి. నున్నగా ఉంటే పని అయినట్టే. గరుగ్గా, నల్లటి గుంటలా తగిలితే అక్కడ పూత పోయింది, ఎంత రుద్దినా తిరిగిరాదు.

3. పూర్తిగా ఆరాక క్రోమ్ పాలిష్ పలచగా పట్టించి, దాని మీద వ్యాక్స్ పూయండి. గుంటలు పడ్డచోట వ్యాక్స్ కాస్త ఎక్కువే పెట్టండి.

4. ఇప్పుడు వెనక వైపు. చాలామంది వదిలేసేది ఇదే, బంపర్లు ఎక్కువగా కుళ్లేదీ ఇక్కడి నుంచే. వెనక పూత పలచగా ఉంటుంది, బురద అక్కడే పేరుకుని తడి పట్టి ఉంచుతుంది. వైర్ బ్రష్‌తో గీకి, తుప్పును ఆపే ప్రైమర్ వేసి, పైన పెయింట్ వేయండి. అందుకోసం బంపర్ విప్పాల్సి వస్తే బోల్టులకు ముందురోజు రాత్రే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి ఉంచండి. పట్టేసిన బోల్టు మీద బలం చూపిస్తే తల విరిగి చేతికొస్తుంది. విప్పేటప్పుడు పట్టుకోవడానికి ఇంకొకరు ఉండాలి, ఉక్కు బంపర్ బరువు తక్కువేమీ కాదు.

బాత్‌రూమ్ కడిగే యాసిడ్ మాత్రం దగ్గరికి రానివ్వకండి. అందులోని హైడ్రోక్లోరిక్ యాసిడ్ క్రోమియంనే కరిగిస్తుంది. పూత పెచ్చులుగా లేస్తుంటే తిరిగి ప్లేటింగ్ చేయించడం తప్ప దారి లేదు. అది ఇంట్లో చేసే పని కాదు, అందులో వాడే కొన్ని క్రోమియం రసాయనాలు విషపూరితం. పని ఇచ్చే ముందు ఒక్కటి అడగండి: గుంటలను రాగితో నింపి, నునుపు చేసి, ఆ తర్వాతే నికెల్, క్రోమియం వేస్తారా? అలా కాకుండా పాత గుంటల మీదే కొత్త పూత వేస్తే గుంటలన్నీ మెరుస్తూ కనిపిస్తాయి.

ప్లాస్టిక్ బంపర్

ఇప్పటి కార్లలో మనం బంపర్ అనుకునేది పైతొడుగు మాత్రమే. దాని వెనక ఫోమ్, ఆ వెనక గట్టి అడ్డ కమ్మీ ఉంటాయి. ప్లాస్టిక్ సొట్టపోతే బాగా వేడి నీళ్లు పోసి, లోపలి నుంచి నెట్టి, వెంటనే చన్నీళ్లు పోస్తే చాలాసార్లు సర్దుకుంటుంది. చిక్కంతా అక్కడే. పైతొడుగు ఏమీ జరగనట్టు తిరిగొస్తుంది, లోపల ఫోమ్ నలిగిపోయి ఉండొచ్చు. గట్టి దెబ్బే తగిలి ఉంటే తొడుగు విప్పించి చూడండి. బంపర్ వెనక రాడార్ ఉన్న కారైతే దాని ముందు స్టిక్కర్లు అంటించడం, మందంగా పెయింట్ వేయించడం వద్దు.

తలుపు వెనక రబ్బరు స్టాపర్ కూడా ఒక రకం బంపరే, దానికి ఇంత తతంగం అక్కర్లేదు. గోటితో నొక్కండి, దిగకపోతే మార్చేయండి.

పడవకు ఫెండర్లు కట్టడం

పడవల వాళ్లు పాటించే లెక్క ఒకటుంది: పడవ పొడవులో ప్రతి 5 అడుగులకు ఫెండర్ ఒక అంగుళం లావు ఉండాలి. అంటే 20 అడుగుల పడవకు 4 అంగుళాలు. అంతకన్నా లావుదైతే ఇంకా మంచిదే. జెట్టీ వైపు కనీసం మూడు కట్టండి. ఒకటి పడవ బాగా వెడల్పుగా ఉన్నచోట, మిగతావి దానికి ముందూ వెనకా.

ఎత్తు దగ్గరే ఎక్కువమంది తప్పుతారు. నీటి మీద తేలే పొట్టి జెట్టీకైతే ఫెండర్ నీటిని దాదాపు తాకేంత కిందికి దించాలి. పక్కన ఇంకో పడవ ఉంటే పైకి లాగాలి. తాడును గట్టి కొక్కేనికో, పడవ అంచున ఉండే కమ్మీ స్తంభం మొదలుకో కట్టండి. ఆ స్తంభాల మధ్య లాగి కట్టిన పై వైరుకు కడితే ఊగినప్పుడల్లా స్తంభాలను వంచుతుంది. ముడికి క్లోవ్ హిచ్ చాలు: ఒక చుట్టు చుట్టి, రెండో చుట్టు మొదటిదాన్ని దాటుతూ వేసి, కొసను ఆ రెండో చుట్టు కిందుగా దూర్చి లాగాలి. ఎక్కువసేపు ఆగేటట్టయితే పైన ఇంకో ముడి వేయండి.

పాత టైర్లు కూడా పనిచేస్తాయి గానీ పడవ మీద నల్ల మరకలు పెడతాయి, లోపల నీళ్లు నిలుస్తాయి. ఏ ఫెండరైనా అప్పుడప్పుడు కడగండి. దానికి అంటిన ఇసుక గరుకు కాగితంలా పడవ పెయింట్‌ను అరగదీస్తుంది. ఫెండర్ వేయడం మరిచిపోయి జెట్టీ మీదికి వచ్చేస్తుంటే కాలో చెయ్యో మాత్రం అడ్డం పెట్టకండి. చిన్న పడవైనా ఎముక విరగ్గొట్టేంత బరువుంటుంది. గీత పడితే పడనివ్వండి.